నూరుసార్లు కడిగిన నెయ్యి

లక్ష్మీనరసమ్మకి దేన్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు. కంటికి ఏది కనబడ్డా ముందు వాసన చూడాలి, వేళ్ల మధ్య నలపాలి, ఆపైన నాలిక చివర పెట్టుకోవాలి. అప్పుడుగాని అది ఫలానా అని ఒప్పుకునేది కాదు. బిలాస్‌పూర్ సంతలో ఆవిడ అల్లంత దూరాన కనబడితే చాలు, కొట్లవాళ్లు బెల్లం మీదా చింతపండు మీదా గబగబా గోనెపట్టా లాగేసేవారు. కొనేది చిటికెడు, రుచి చూసేది చారెడు అని వాళ్ల ఏడుపు. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా "అచ్ఛా అచ్ఛా, దేఖ్‌నే దో" అంటూ పట్టా పక్కకి తోసి చెయ్యి పెట్టేది.

ఆవిడది విజయనగరం పక్కన పల్లెటూరు. చిన్నతనంలోనే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడు శంకరరావు రైల్వేలో చేరి బిలాస్‌పూర్ వచ్చేశాడు. షెడ్డు ఫోర్‌మెన్లంతా తెల్లదొరలుగా ఉన్న రోజులవి. ఖలాసీగా మొదలుపెట్టి, ఫైర్‌మేనై, చివరికి యార్డులో షంటింగు ఇంజను డ్రైవరయ్యాడు. భార్య పాకే పిల్లని వదిలి కన్నుమూస్తే, నాలుగు రోజులు సాయం ఉండి వెళ్దామని వచ్చిన అప్పగారు మరి వెళ్లనే లేదు. ఆ పాకే పిల్లే కనకం. అత్త చేతి ముద్ద తిని, అత్త పక్కలో పడుకుని పెరిగింది. రాయగఢ్‌లో గార్డు పనిలో ఉన్న జగన్నాథానికి ఇచ్చి పెళ్లి చేశారు. ఇప్పుడు తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి, దసరా వెళ్లగానే ఆడపిల్లని కంది. పేరు పెట్టకముందే ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ అమ్మలు "నోనీ, నోనీ" అని పిలిచారు. ఆడపిల్లని వాళ్లు అలాగే ముద్దు చేస్తారు. ఇంట్లోనూ అదే ఖాయమైపోయింది.

నోనీకి లాల పోయడం లక్ష్మీనరసమ్మ హక్కు. పెరట్లో పీట వేసుకుని, కాళ్లు బారజాపి, ఆ కాళ్ల మీద పిల్లని బోర్లా పడుకోబెట్టుకుని, నువ్వులనూనె మర్దించి, పెసరపిండితో రుద్ది, చేత్తో నీళ్ల వేడి చూసుకుంటూ పోసేది. తరవాత పాత పంచెతో మెత్తగా అద్ది, మడతమడతకీ తన నెయ్యి పూసేది. ఆ కాస్సేపూ ఇంటి మీదకి ఇంజను వచ్చి పడినా ఆవిడ తల తిప్పేది కాదు. కడుపున ఒక కాయ కాయలేదన్న బాధ ఎప్పుడూ పైకి అనలేదు గాని, నోనీ తడి ఒళ్లు ఒళ్లో వేసుకున్నప్పుడు ఆ బాధ ఎక్కడికి పోయేదో పోయేది.

ఆ నెయ్యి సంగతి చెప్పాలి. అది తినేది కాదు, ఒంటికి రాసుకునేది. బిల్హా నుంచి పొద్దుటి పాసింజరులో కుండ నెత్తిన పెట్టుకుని వచ్చే రౌతాయిన్ దగ్గర, అంటే గోవుల్ని కాచుకునే రౌత్ కులపు ఆడమనిషి దగ్గర, ఆవునెయ్యి తీసుకునేది. దాన్ని రాగిపళ్లెంలో వేసి, నూతిలోంచి అప్పుడే చేదిన చల్లటి నీళ్లు పోసి, రాగిచెంబు అడుగుతో గుండ్రంగా రుద్దేది. నీళ్లు తెల్లబడగానే వంచేసి, మళ్లీ కొత్త నీళ్లు. ఒకసారి కడిగితే ఒక చింతపిక్క ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి మారేది. నూరు పిక్కలూ అవతలికి చేరేసరికి పచ్చటి నెయ్యి వెన్నకన్నా తెల్లగా, నురగకన్నా తేలిగ్గా అయిపోయేది. నెయ్యి వాసన ఉండదు, జిడ్డు ఉండదు. వేలితో తీసి రాస్తే చర్మంలోకి ఇంకిపోయి చల్లదనం ఒక్కటే మిగులుతుంది. కడిగిన నీళ్లన్నీ ఏమైపోయాయి, కొంత తడి నెయ్యిలోనే దాక్కుంటుందా, దాక్కుంటే బయటికెందుకు కారదు, అని ఆవిడకి ఎన్నేళ్లయినా తీరని సందేహం. వేలితో తీసి, వెలుతురుకి ఎత్తి చూసి, "ఎక్కడున్నావే?" అని నీళ్లని అడిగేది.

కోస్తా ఒళ్లకి బిలాస్‌పూర్ చలికాలం గిట్టదు. కార్తీకం వచ్చిందంటే డ్రైవర్ల క్వార్టర్ల లైన్లో ఉన్న మనవాళ్లందరికీ పెదాలు పగిలేవి, మడమలు చీలేవి, చేతులు గీసుకుపోయినట్టు తెల్లటి గీట్లు పడేవి. ఆడవాళ్లు చిన్న చిన్న గిన్నెలు పట్టుకుని ఈ వాకిట్లో చేరేవారు. ఆవిడ కాసు పుచ్చుకునేది కాదు. "నీ చెయ్యి చల్లన, నీ నెయ్యే లేపోతే చచ్చిపోదుం" అని ఎవరైనా అంటే అదే పదివేలు. డ్రైవర్ల ఇళ్లకి చలికి ఇంకో విరుగుడు కూడా ఉండేది. డ్యూటీ దిగేటప్పుడు ఇంజనులోంచి మరుగుతున్న నీళ్లు కిరసనాయిలు డబ్బాల్లోకి పట్టించి, ఖలాసీ చేత కావిడి మోయించి ఇంటికి పంపేవారు. పుల్ల కాల్చకుండా ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు! ఆ దర్జా డ్రైవర్లది. గుమాస్తాల పెళ్లాలు ఆ కావిడికేసి చూసి కుళ్లుకునేవారు. శంకరరావు అయితే అప్ప మోకాళ్ల నొప్పులకని మొదలుపెట్టి, ఏ చలికాలమూ తప్పించలేదు.

మార్గశిరంలో నోనీకి ఒంటి మీద ఎరుపు వచ్చింది. మొదట మోచేతి మడతల్లో, తరవాత మెడ కింద, ఆ తరవాత తొడల మధ్య. గరుకుగా పొక్కి, గీరుకుంటే నీరు కారేది. పాలు తాగుతూ తాగుతూ వదిలేసి కేకలు పెట్టేది. రైల్వే ఆసుపత్రి కంపౌండరు సన్యాసిరావు ఇంటికొచ్చి చూశాడు. నెమ్మదైన మనిషి. "పసిదాని చర్మం కదమ్మా, ఏదో పడలేదు. పిండి మానేయండి, నూనె మానేయండి, ఆ నెయ్యి కూడా మానేయండి. ఉత్త నీళ్లు పొయ్యండి చాలు" అని ఒక తెల్లపొడి ఇచ్చి వెళ్లాడు.

లక్ష్మీనరసమ్మ పిండి మానింది, నూనె మానింది. నెయ్యి మానడానికి మాత్రం మనసు ఒప్పలేదు. ఊళ్లో పెద్దవాళ్ల ఒళ్లు చల్లబరిచే నెయ్యి ఈ వేలెడు పిల్లకి పడదంటే ఎలా నమ్ముతుంది? ఓ మధ్యాహ్నం కనకం కునుకు తీసింది. నోనీ రెండు కాళ్లూ ఒకదానికొకటి రాసుకుంటూ మూలుగుతోంది. ముసలామె చూసి చూసి, ఉండబట్టలేక గూట్లోంచి గిన్నె తీసి మోకాలి వెనక మడతలో కాస్త పూసింది. పిల్ల శాంతించి నిద్రపోయింది. చూశారా మరి, అనుకుంది ఆవిడ సంబరంగా.

కనకం లేచి, మడతలో తెల్లగా ఉన్న నెయ్యి చూసింది. తడిగుడ్డతో తుడిచేసింది. మర్నాడు లాలలో ఆ మడతని మరీ మరీ కడిగాక సరిగ్గా అదే కమిలిపోయి, పచ్చి పుండులా తేలింది. అప్పుడు అంది.

"అత్తా, నువ్వు రాసినావు కాదా?"

"ఒక్క పిసరమ్మా. పిల్ల బాధ పడలేకపోతంటే..."

"నీ మీద నాకు కోపం లేదు. భయమేస్తంది. దీనికి తగ్గేదాకా నువ్వు పిల్లని ముట్టుకోకు. నీ చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు."

"ముట్టుకోకూడదేటి?"

"ఎత్తుకోకు. లాల నానే పోసుకుంటాను."

తిట్టినా బాగుండేది. కొట్టినా సహించేది. అంత మెల్లగా, కళ్లనీళ్లతో చెప్పిన మాటని ఎలా సహించడం? లక్ష్మీనరసమ్మ వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చుని, పొగ పేరు చెప్పుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ల కిందట తన చేతులతో పెంచిన పిల్లే ఇప్పుడు తన చేతులు చూసి భయపడుతోంది. ఇంతకన్నా ఏం కావాలి!

ఆ వారంలోనే పెండ్రా రోడ్డు స్టేషన్లో ఎవరో డ్రైవరు జబ్బుపడ్డాడని శంకరరావుని రిలీఫుకి పంపారు. ఇంట్లో ఆడవాళ్లూ పసిదీ మిగిలారు. కనకం నూతి నీళ్లు పొయ్యి మీద కాచుకుని పిల్లకి పోసుకునేది. లక్ష్మీనరసమ్మ గుమ్మం ఇవతల నిలబడి, చేతులు కొంగులో చుట్టుకుని చూసేది. నోనీ ఆవిడకేసి చూసి చేతులు ఆడిస్తే మొహం తిప్పుకునేది. ఆ చేతుల్లోకి వెళ్లకుండా ఉండడం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు.

ఏడ్చి ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. నెయ్యిలో ఏదుందో తేల్చాలని కూర్చుంది. ముందు రౌతాయిన్‌ని వాకిట్లో నిలేసింది. వచ్చీరాని హిందీలో, "ఏమిటి కలిపావు? గేదె నెయ్యా? ఇప్పనూనా?" అని లాయరులా అడిగింది.

"కా హోగే, దాయి?" అని తెల్లబోయింది రౌతాయిన్. ఏమైందమ్మా అని. సంగతి విని, తలమీద చెయ్యి పెట్టుకుని, తన ఆవు మీద ఒట్టేసింది. తన పిల్లలకి చలికాలంలో ఇప్పగింజల నూనె రాస్తానని, దాన్ని టోరీ తేల్ అంటారని, కావాలంటే తెస్తానని చెప్పింది. లక్ష్మీనరసమ్మకి కోపం మరిచిపోయి ఆసక్తి పుట్టుకొచ్చింది. "చలికి పేరుకుంటుందా? వాసన ఉంటుందా? ఎక్కువ రాస్తే కారుతుందా?" అని పట్టుకుంది. నేరస్తురాలు కాస్తా చుట్టమైపోయి గడప మీద కూర్చుంది.

నెయ్యిలో తప్పు లేదని తేలింది. అయితే రాగిపళ్లెం చిలుమేమో? చింతపండుతో తోమి తోమి అద్దంలా చేసింది. కంచుగిన్నెలో విడిగా కడిగి చూసింది. కిందటేటి నుంచీ నెయ్యిలో కాస్త తేనెమైనం కరిగించి కలుపుతోంది, అదేమో? మైనం లేకుండా ఒకటి, మైనంతో ఒకటి చేసింది. రౌతాయిన్ తెచ్చిన ఇప్పనూనె కూడా వాసన చూసి, నాకి, "వగరు" అని ముద్ర వేసి వరసలో పెట్టింది. అన్నిటినీ తన ముంజేతి లోపలి వైపు, పలచటి చర్మం మీద, వేలెడేసి దూరంలో పూసుకుని రోజంతా ఆ చెయ్యి ఎత్తి పట్టుకుని తిరిగింది. ఒక్కచోటా ఎరుపు రాలేదు. వచ్చినా బాగుండునని కూడా అనుకుంది. కారణం దొరికితే చాలు.

ఇంతలో నోనీకి తగ్గిపోయింది. మడతలన్నీ మానిపోయి, చర్మం మళ్లీ నున్నగా వచ్చింది. పాలు తాగి పకపకా నవ్వింది. కనకం మొహం విప్పారింది. లక్ష్మీనరసమ్మకి సంతోషమూ కడుపుమంటా రెండూ ఒక్కసారే వచ్చాయి. తన నెయ్యి మానేసరికి పిల్ల బాగుపడింది. ఇంక వాదించడానికి ఏం మిగిలింది? ఇన్నాళ్లూ ఊరందరికీ పూసిన చేతులు ఇంట్లో పిల్లకి కీడు చేశాయి. రాగిపళ్లెం కడిగి, తుడిచి, అటక మీద బోర్లించేసింది. మడమలకి తను రాసుకోవడం కూడా మానేసింది.

"ఇంకొన్నాళ్లు చూసి ఇస్తానత్తా" అంది కనకం, ఆవిడ చూపు కనిపెట్టి.

"నీ ఇష్టం తల్లీ. తొందరేటుంది" అంది లక్ష్మీనరసమ్మ. తొందరే తొందర.

శంకరరావు పెండ్రా నుంచి వచ్చాడు. వచ్చీరాగానే మనవరాలిని ఎగరేసి ముద్దాడాడు. మళ్లీ యార్డు డ్యూటీ, మళ్లీ పొద్దుటే కావిడి. రెండో రోజుకల్లా నోనీ మెడ కింద ఎర్రటి గీట్లు లేచాయి.

కనకం పిల్లని భుజాన వేసుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చింది. ఈసారి కళ్లలో నీళ్లు లేవు.

"మళ్లీ రాసినావు కాదత్తా?"

"నేదమ్మా! నా ఒట్టు. పళ్లెం అటకెక్కించీసినాను, నువ్వే చూసినావు."

"మరెలగొచ్చింది? మానిపోయింది కదా. ఊరికే వచ్చీసిందేటి?"

లక్ష్మీనరసమ్మ తమ్ముడికేసి చూసింది. ఆయన చుట్ట వెలిగించుకునే మిషతో తల దించుకున్నాడు. అంటే ఆయనా నమ్మలేదన్నమాట. వాళ్లనీ అనడానికి లేదు, ఒకసారి దొంగతనంగా రాసినదే కదా. "మా ఆయనకి కబురెడితే ఆదివారం వచ్చి మమ్మల్ని తీసికెళ్లిపోతారు. పిల్లకి అక్కడే తగ్గుతాది" అని కనకం వెళ్లిపోయింది.

ఆదివారం! నోనీ వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడు చూస్తుందో! వెళ్లినా ఫరవాలేదు, ఆడపిల్ల ఎప్పటికైనా అత్తారింటికి వెళ్లేదే. కాని ఇలా, తనని చూసి బెదిరి వెళ్లిపోవడం? ఆవిడ అక్కడే చతికిలబడింది.

కూర్చుని ఏడవబోతుంటే ఒక ఆలోచన తగిలింది. తను రాయలేదు. ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు, తనకి తెలుసు. రాయకుండానే ఎరుపు వచ్చిందంటే నెయ్యి కాదు. నెయ్యి కాకపోతే ఇంకేదో ఉంది. అది పోయి, మళ్లీ వచ్చింది. ఈ ఇంట్లోంచి వెళ్లి మళ్లీ వచ్చినదేమిటి?

కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. వెళ్లి వచ్చినవాడు ఎదురుగా చుట్ట కాలుస్తున్నాడు. చిలక్కొయ్యకున్న ఆయన డ్యూటీ చొక్కా తీసి వాసన చూసింది. బొగ్గు, నూనె, చెమట. అంచు నాలికకి తగిలించుకుంది.

"ఏటప్పా, నా చొక్కా నాకుతన్నావు!" అని అదిరిపడ్డాడు శంకరరావు.

"నువ్వూరుకో." ఆయన తలగడ, ఆయన కంబళి, ఆయన చుట్టల కట్ట, అన్నీ అయ్యాయి. ఏదీ పిల్ల దగ్గరికి వెళ్లేది కాదు. అప్పుడే ఖలాసీ వచ్చి పెరట్లో కావిడి దించాడు. డబ్బాల మీద ఆవిరి లేస్తోంది. లక్ష్మీనరసమ్మ ఇన్నేళ్లలో లోకంలో ఉన్నవన్నీ రుచి చూసింది గాని, తమ్ముడు పంపిన నీళ్లని ఎప్పుడూ చూడలేదు. తమ్ముడి నీళ్లని అనుమానించడం ఏమిటి? ఇప్పుడు గిన్నెలో కాసిని తీసి, చల్లార్చి, వేళ్ల మధ్య రుద్దింది. సబ్బు ముట్టుకున్నట్టు జారాయి. నాలిక మీద వేసుకుంది. ఉప్పూ కాదు చేదూ కాదు, నోరంతా బిగుసుకుపోయింది.

"ఒరే తమ్ముడా, ఇందులో ఏటి కలుపుతార్రా?"

"కలపడమేటి? నీళ్లే. ఇక్కడి నీళ్లు మా చెడ్డవి కదా, బాయిలరు లోపల పెంకు కట్టీకుండా సోడా వేస్తారు. అంతే."

"చాకలోళ్ల సోడాయా?"

"అదే. అందుకే కదేటి మన బట్టలు అంత తెల్లగొస్తాయి" అన్నాడు గొప్పగా.

తమ్ముడి మొహంలో ఆ గొప్ప చూస్తూ చెప్పడం ఎలా? పైగా ఇప్పుడు తను ఏం చెప్పినా నమ్మేదెవరు? తన తప్పు నీళ్ల మీదకి తోసేస్తోందనరూ? చేత్తో పట్టుకుని చూపించాలి. అప్పటిదాకా ఈ నీళ్లు నోనీ ఒంటి మీద పడకూడదు. అటూ ఇటూ చూసి, డబ్బాలు రెంటినీ కాలితో తన్నేసింది. పెరడంతా పొగలు.

"కాలు తూలింది" అంది.

మర్నాడూ తూలింది. ఆ మర్నాడూ తూలింది. కనకం విసుక్కుంటూ నూతి నీళ్లు కాచుకుంది. తూలకముందే ముసలామె ఒక గిన్నెడు నీళ్లు దాచుకుని, పూటపూటా ఎడంచెయ్యి అందులో నానబెట్టింది. కుడిచెయ్యి కాచిన నూతి నీళ్లలో పెట్టింది. ఏ చేతికీ ఏమీ రాయలేదు. నాలుగో పొద్దున ఖలాసీ వెళ్లగానే ఆవిడ కాలు ఎత్తేసరికి, శంకరరావు వెనకనుంచి వచ్చి పట్టుకున్నాడు.

"కావాలనే తన్నుతన్నావు! ఏటప్పా ఇది? నీ మోకాళ్లకని నాను దొర చేత మాటలు పడి తెస్తంటే, నేలపాలు చేస్తావా? ఒలే కనకం, ఇలా రా, మీ అత్తకి మతి పోయింది!"

కనకం పిల్లతో బయటికి వచ్చింది. లక్ష్మీనరసమ్మ రెండు చేతులూ ముందుకి చాచింది. కుడిచెయ్యి మామూలుగా ఉంది, ముసలిచెయ్యి ఎలా ఉంటుందో అలా. ఎడంచెయ్యి మణికట్టు దాకా తెల్లగా ఎండి, వేళ్ల కణుపుల దగ్గర చిట్లి, మధ్యమధ్య ఎర్రగా కమిలి ఉంది. నోనీ మెడ కింద ఉన్న ఎరుపు అదే.

"ఇది నూతి నీళ్లు" అంది కుడిచెయ్యి ఆడించి. "ఇది మీ నాన్న నీళ్లు. రెండింటికీ నెయ్యి రాయలేదు. కావాలంటే నాకి చూడు."

కనకం నాకలేదు. పిల్ల మెడ ఎత్తి చూసింది. నీళ్లు నేలపాలైన ఈ మూడు రోజుల్లోనూ ఆ గీట్లు సగానికి సగం వెలిసిపోయాయి. తండ్రి పెండ్రా వెళ్లడం, కావిడి ఆగడం, పిల్లకి తగ్గడం, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగినట్టున్నాయి. "ఓలమ్మో, అత్తా" అంది.

శంకరరావు అప్ప ఎడంచెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. తరవాత కిందికి వంగి ఆవిడ మడమలు చూశాడు. తను లేనన్నాళ్లూ, నెయ్యి చుక్క ముట్టకుండానే, చీలికలు చాలామట్టుకు పూడుకున్నాయి. ఏడాదికేడాది ఆ పాదాల్లోంచి రక్తం కారడం ఆయన చూసినవాడే.

"ఇన్నేళ్లూ ఇదేనా?" అన్నాడు.

"చలి అనుకున్నాన్రా."

"మంట పుట్టేది కాదేటి?"

"పుట్టేది. మోకాళ్లకి సుఖంగా ఉండేది. నువ్వు తెచ్చినవి కదా, అని పోసుకునీదాన్ని. మంట పుడితే నెయ్యి రాసీదాన్ని."

శంకరరావు లేచాడు. రెండు డబ్బాలూ తనే ఎత్తి, పెరటి గోడ అవతల కాలవలో కుమ్మరించాడు. ఆయన భుజాలు వంగిపోవడం చూసి లక్ష్మీనరసమ్మ దగ్గరికి వెళ్లింది. "నీ తప్పేటుందిరా? నువ్వు మనసు పెట్టి తెచ్చినావు, నాను మనసు పెట్టి పోసినాను. ఆ పిల్ల ఒళ్లుకి అదంతా తెలుస్తాదేటి? బట్టలకి తే, మానకు. చీరలు తెల్లగొస్తాయి" అంది. ఆయన నవ్వబోయి, నవ్వలేక, కండువాతో ముక్కు చీదుకున్నాడు.

జగన్నాథానికి కబురు వెళ్లలేదు. నోనీకి ఉత్త నూతి నీళ్లతోనే పూర్తిగా మానింది. నెయ్యి లేదు, నూనె లేదు, తెల్లపొడి కూడా ఆఖరికి అలాగే మిగిలిపోయింది. సంగతి లైనంతా పాకింది. డ్రైవర్ల ఇళ్లలో ఇంజను నీళ్లు చాకిరేవుకి దిగాయి, స్నానాలకి కట్టెలు కాలాయి. పుష్యమాసపు నడి చలిలో కూడా ఈ వాకిట్లోకి గిన్నెలు పట్టుకొచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో. మిగతావాళ్లకి పగుళ్లే లేవు. లక్ష్మీనరసమ్మకి తన తప్పు లేదని రుజువైనందుకు గర్వమూ ఉంది, తన పేరు తన చేత్తోనే చెరిపేసుకున్నందుకు ఉక్రోషమూ ఉంది. నెయ్యి ఒక్క చుక్కయినా రాయకుండా పిల్ల ఒళ్లు బాగుపడకూడదని లోలోపల ఎక్కడో కోరుకుంది కూడా. అది తెలిసి తనమీద తనకే రోత పుట్టింది.

అందుకే, నేరం తనది కాదని తేలినా, ఆవిడ పిల్ల దగ్గరికి పోలేదు. గుమ్మం ఇవతలే నిలబడి చూసేది. నెయ్యి రాయడానికే కదా తన చేతులు. నెయ్యి అక్కర్లేని పిల్లకి ఈ చేతులెందుకు?

ఓ పొద్దున కనకం పెరట్లో పీట వేసింది. నూతి నీళ్లు కాచి దించింది. నోనీని బట్టలు విప్పి ఎత్తుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అత్తా, కాళ్లు జాపుకో. దీనికి లాల పొయ్యి."

"నువ్వే పోస్తన్నావు కదమ్మా. బాగానే ఉంది కదా."

"నా కాళ్ల మీద ఉండదు. జారిపోతంది, ఏడుస్తంది."

లక్ష్మీనరసమ్మ వచ్చి పీట మీద కూర్చుంది. కాళ్లు జాపింది. పిల్లని అందుకోవడానికి చేతులు ఎత్తి, మళ్లీ వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది. వెలుతురులో తిప్పి చూసుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"ఏటత్తా చూస్తన్నావు?"

"ఎక్కడైనా నెయ్యి అంటుకుందేమోనని."

"ఉంటే ఉండనీ."

"దీనికి నెయ్యి అక్కర్లేదని తేలిపోయింది కదే."

కనకం ఒక అడుగు ముందుకి వేసింది. "నెయ్యి అక్కర్లేదు. నువ్వు అక్కర్లేదని ఎవులన్నారు?" అని పిల్లని తెచ్చి ఆ చేతుల్లో పెట్టేసింది.

లక్ష్మీనరసమ్మ నోనీని గుండెలకి అదుముకుని, ఇరుగూ పొరుగూ వింటారన్న సిగ్గు కూడా లేకుండా, గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపేమిటో అర్థంకాక పిల్ల నోరు తెరుచుకుని ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. పక్కన నీళ్లు చల్లారిపోతున్నా కనకం తొందరపెట్టలేదు.